ఖాలమ్మది ఏ ఊరు

మా గల్లీలో అన్నిటికంటే వెడల్పాటి అరుగు ఖాలమ్మ ఇంటిది. వరంగల్లు కొత్తవాడలో ఇంటింటికీ మగ్గం ఉండేది. మగ్గం గుంత పోగా మిగిలిన చోటులోనే వంట, పడక, పిల్లలు. మగవాళ్లు లోపల షత్రంజీలు, అంటే చారల జంపఖానాలు, నేసేవారు. నేసి దించిన షత్రంజీ కొసలకు వదిలిన పోగులను నాలుగేసి కలిపి ముడులు వేసి కుచ్చులు కట్టడం ఆడవాళ్ల పని. షత్రంజీని పొడవునా పరిస్తేగానీ ఆ పని సాగదు. అంత జాగా ఖాలమ్మ అరుగు మీదే ఉండేది. అందుకని పొద్దున వంటలు కాగానే మేం ఏడెనిమిది మందిమి అక్కడ చేరేవాళ్లం. పైన తాటాకు పందిరి, కింద రంగురంగుల చారలు. చేతులు ముడులు వేస్తుంటే నోళ్లు ఊరంతా తిరిగొచ్చేవి.

ఖాలా అంటే తల్లికి అక్కో చెల్లెలో. ఆమె మాలో ఎవరికీ ఆ వరస కాదు. గల్లీలో మొదట ఎవరు పిలిచారో, అందరికీ ఖాలమ్మ అయిపోయింది. ఒక్క మా అత్తమ్మ మాత్రం ఆమెను పొల్లా, అంటే పిల్లా, అనేది. అప్పటికి ఖాలమ్మకు యాభై ఏళ్లు. భర్త పోయాడు. ఒక్కగానొక్క కూతురిని హైదరాబాదులో ఇచ్చింది. యాభై ఏళ్ల మనిషిని పొల్లా అని పిలిచే హక్కు మా అత్తమ్మకు ఎలా వచ్చిందంటే, ఖాలమ్మను కాన్పు చేసి బయటకు తీసింది ఆవిడే. మా అత్తమ్మ ఆ చుట్టుపక్కల నాలుగు గల్లీలకు మంత్రసాని. తను పురుడు పోసిన వాళ్లెవరూ ఆవిడ కళ్లకు పెద్దవాళ్లు కారు.

ఖాలమ్మ తండ్రి అరబ్బు. నిజాం కాలంలో పడవెక్కి వచ్చి, వరంగల్లులో ఖజానా దగ్గర కాపలా కొలువులో చేరాడట. నడుముకు వంకర కత్తి, కట్టుకున్నది లుంగీ. ఇక్కడి తురకల పిల్లనే చేసుకుని ఈ ఇంట్లోనే కాపురం పెట్టాడు. నిజాం రాజ్యం పోయాక అరబ్బులను చాలామందిని ఓడలెక్కించి పంపేశారు. ఆ తండ్రి అంతకు ముందే చనిపోయాడు. మొదటి భార్య కొడుకు ఒకడు ఉండేవాడు, ఖాలమ్మకు అన్న. అతన్ని పట్టుకుపోయి ఓడ ఎక్కించారు. మళ్లీ ఒక్క ఉత్తరం రాలేదు. ఖాలమ్మ ఈ సంగతి ఎప్పుడో గానీ మాట్లాడేది కాదు. మాట్లాడిన రోజు కుచ్చులు మరీ గట్టిగా బిగించేది. షత్రంజీలు కొనే షావుకారు ముడి సరిచేద్దామంటే విప్పలేక తిట్టుకునేవాడు.

ఆమె ఇంట్లో శొంఠి దంచి వేసిన నల్లటి కాఫీ కాచేది. దాన్ని గావా అనేది. మొదటిసారి తాగినప్పుడు నాకు గొంతు మండింది. "ఇది కషాయమా ఖాలమ్మా, జరమొచ్చినోళ్లకు ఇస్తరా?" అన్నాను. "జరం లేనోళ్లకు ఇస్తరు, రావద్దని" అంది. పదేళ్లు తిరిగేసరికి నాకు అది లేకపోతే పొద్దుపోయేది కాదు. రంజాన్ నెలలో ఆమె అరుగు మీద మేం బుక్కెడు నీళ్లు తాగడానికి కూడా జంకేవాళ్లం. ఆమె కోప్పడేది. "రోజా నాది. మీ కడుపులు ఎందుకు మాడ్చుకుంటరు? ఆ డబ్బలున్న పేలాలు తీసి తినుండ్రి." బతుకమ్మ రోజుల్లో ఆమె ఆడేది కాదు గానీ, పెరట్లో గునుగు పూలు కోసి చాటలో పోసి పెట్టి, మా బతుకమ్మలు పేర్చేటప్పుడు పక్కన కూర్చుని వంకలు పెట్టేది. "నీది వంకరున్నది బేటీ. పోయినేడు గూడ వంకరనే."

ఆమెకు ఒక అలవాటు ఉండేది. మీది ఏ ఊరని ఎవరైనా అడిగితే, చేతిలో పని పక్కన పెట్టి లేచి నిలబడేది. తల మీద ముసుగు సర్దుకునేది. తన పేరు, తండ్రి పేరు, తాత పేరు, ఆయన తండ్రి పేరు, అలా ఏడు తరాలు ఒక్క ఊపిరిలో చెప్పి, చివర "హజ్రమౌత్" అని ముగించి కూర్చునేది. చిన్నప్పుడు కంచం ముందు కూర్చోబెట్టి తండ్రి రోజూ చెప్పించేవాడట. తప్పు పోతే మళ్లీ మొదటినుంచి. అన్నం చల్లారిపోయేదట. ఆ హజ్రమౌత్ ఎక్కడుందో ఆమెకూ తెలియదు, మాకూ తెలియదు. సముద్రం అవతల అని తెలుసు. ఆమె సముద్రమే చూడలేదు. కాజీపేటలో రైలెక్కి హైదరాబాదులో కూతురి దగ్గరికి వెళ్లి రావడమే ఆమె చేసిన పెద్ద ప్రయాణం.

మేం నవ్వేవాళ్లం. గాజులమ్మే మనిషి కొత్తగా వస్తే చాలు, కావాలని "ఖాలమ్మది ఏ ఊరో అడుగు" అని పురిగొల్పేవాళ్లం. మేం నవ్వుతున్నామని ఆమెకు తెలుసు. అయినా లేచి నిలబడేది. ఏడు పేర్లూ చెప్పేది.

డెబ్బైల చివర్లో మా అరుగు మీదికి బడి వచ్చింది. పెద్దవాళ్లకు చదువు చెప్పే బడి. ఒక టీచరమ్మ మధ్యాహ్నం రెండు గంటలకు పలక, సుద్దముక్కల సంచీతో వచ్చేది. జాగా ఎక్కడిద్దామా అని గల్లీలో అనుకుంటుండగానే ఖాలమ్మ షత్రంజీ ఒక వైపుకు చుట్టేసి "ఈడ కూసోండి" అంది. నాకప్పుడు నలభై దాటింది. నా కొడుకు పదో తరగతి తప్పి మగ్గం మీద కూర్చున్నాడు, నేను అప్పుడు అ ఆలు దిద్దడం మొదలుపెట్టాను. మా అత్తమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఆకు నములుతూ మమ్మల్ని చూసి నవ్వేది. పలక ఇస్తే ముట్టుకోలేదు. "నా వేలికి ఉన్న గీతలు చాలు" అంది.

ఖాలమ్మ కూడా పలక పట్టింది. ఆమెకు ఖురాన్ చదవడం వచ్చు, కనుక అక్షరం అంటే భయం లేదు. కానీ అరబ్బీ అలవాటుకు చెయ్యి కుడివైపు నుంచి మొదలుపెట్టేది. టీచరమ్మ చెయ్యి పట్టుకుని ఇటు తెస్తే, వదిలిన మరుక్షణం అటు పోయేది. నెల రోజులకు దారికొచ్చింది. మాలో ముందుగా పేరు రాసింది ఆమే. ఆ రోజు మాకందరికీ సేమ్యా వండి పెట్టింది.

ఇక నేను చేసిన పని చెప్పాలి.

కొత్త రేషన్ కార్డుల కోసం ఇంటింటి లెక్క రాసుకోవడానికి ఒకాయన వచ్చాడు. కళ్లద్దాలు, చంకలో కాగితాల కట్ట. ఎండలో తిరిగి అలసిపోయాడు. ఖాలమ్మ గావా ఇస్తే రెండు గుక్కలు తాగి దగ్గాడు. మా ముందు పలకలు చూసి, "మీకు రాయవస్తదా? అయితే ఇవిగో, మీవి మీరే నింపుండ్రి. నేను అవతలి గల్లీ చూసుకొని వస్త" అని కాగితాలు ఇచ్చి వెళ్లాడు. టీచరమ్మ ఆ రోజు రాలేదు. అప్పుడు అక్కడున్న ఎనిమిది మందిలో నా అక్షరాలే కాస్త గుండ్రంగా ఉండేవి. అందరూ నా చేతికి ఇచ్చారు.

ఒక్కో గడి కూడబలుక్కుని చదివాను. పేరు. వయసు. తర్వాత స్వస్థలం. నా కాగితంలో మా అత్తింటివాళ్ల ఊరు రాశాను. పరకాల అవతల చిన్న పల్లె. మా మామ తండ్రి కాలంలోనే అక్కడినుంచి వచ్చేశారు, అయినా మాది ఆ ఊరే అని చెప్పుకుంటాం. ఖాలమ్మ వంతు వచ్చింది. "మీ స్వస్థలం ఏదని అడుగుతాండ్రు ఖాలమ్మా" అన్నాను. ఆమె లేచి నిలబడింది. ఏడు పేర్లూ చెప్పింది. ఏడు పేర్లకు గడి చాలలేదు. చివరి ముక్క మాత్రం రాశాను. ఒత్తులు తప్పు పోకుండా, అంచులు దాటకుండా, నాకు చేతనైనంత అందంగా రాశాను: హజ్రమౌత్ దేశం. రాసి ఆమెకు చూపించాను. తన తండ్రి ఊరిని తెలుగు అక్షరాల్లో చూడటం ఆమెకు అదే మొదటిసారి. వేలితో తాకి చూసుకుంది.

"మస్తుగ రాసినవ్ బేటీ" అంది.

మూడు నెలలకు అందరికీ కార్డులు వచ్చాయి. ఖాలమ్మకు ఒక కాగితం వచ్చింది. టీచరమ్మ దాన్ని ఒకసారి మనసులో చదువుకుని, ఇంకోసారి చదువుకుని, మా ముఖాలు చూసింది. అందులో ఇలా ఉంది: ఈమె పరదేశీయురాలిగా నమోదైంది కనుక కార్డు ఇవ్వడం కుదరదు. ఇక్కడే పుట్టినట్టు రుజువులుంటే పదిహేను రోజుల్లో చూపించాలి. లేదంటే ఠాణాకు వెళ్లి పరదేశీయుల పుస్తకంలో పేరు రాయించుకోవాలి.

ఖాలమ్మ చుట్టి ఉన్న షత్రంజీ విప్పి కుచ్చులు కట్టడం మొదలుపెట్టింది. కొంతసేపటికి "మా అన్నకు గూడ ముందుగాల ఠాణాకే రమ్మన్నరు" అంది.

ఆ కాగితం నా చేతిరాత నుంచి పుట్టిందని నాకు తెలుసు, అందరికీ తెలుసు. నేను ఏడుపు మొదలుపెడితే ఆమె నన్నే ఊరుకోబెట్టింది. "పాగల్, నువ్వేం జేసినవ్? నేను చెప్పింది రాసినవ్. నేను అబద్ధం చెప్పలే, నువ్వు అబద్ధం రాయలే. ఫికర్ చెయ్యకు." ఆమె అలా అనేసరికి నా ఏడుపు ఎక్కువైంది. మా అత్తమ్మ మూలనుంచి అరిచింది: "ఏడ్సుడు ఆపు. కాయితం నీ కండ్లనీళ్లతోని ఖరాబైతే ఇంకో కాయితం అస్తది."

రుజువులు వెతికాం. ఇంట్లో కాన్పు అయిన వాళ్ల పుట్టుక ఎక్కడ రాసి ఉంటుంది? ఖాలమ్మ నిఖా కాగితం తీశాం. అందులో పెళ్లికూతురి తండ్రి పేరు పక్కన మళ్లీ అదే ఊరు. టీచరమ్మ నవ్వలేక నవ్వి, దాన్ని మడిచి పెట్టెలో పెట్టించింది.

టీచరమ్మే దారి చెప్పింది. గల్లీ వాళ్లందరం కలిసి అర్జీ పెట్టాలి. ఈమె ఇక్కడే పుట్టింది, ఇక్కడే పెరిగింది, మేం ఎరుగుదుం, ఇంటికి వచ్చి విచారణ చేయండి అని. వేలిముద్రలైతే ఎవరో వేయించారంటారు, చదివి సంతకం పెట్టినట్టు ఉండాలి అంది. అరుగు మీద బడిలో ఖాలమ్మ కాక ఉన్న పధ్నాలుగు మందిమి సంతకాలు పెట్టాలనుకున్నాం. పదమూడు అయ్యాయి. ఒకావిడ వెనకాడింది. "సర్కారోళ్లతోని మనకెందుకు? రేపు మా ఇంటికి గూడ వస్తరు" అంది. భయపడటం తప్పు కాదు, ఆమె భర్త అప్పటికే ఒకసారి ఠాణా చూసొచ్చాడు. కానీ మా అత్తమ్మ అంత మెత్తటి మనిషి కాదు.

"నీ ముగ్గురు పిల్లలు నడక ఏడ నేర్సిండ్రే?" అంది.

"ఏడ నేర్సిండ్రు?"

"నీ ఇంట్ల మగ్గం గుంతల పడ్తరని ఈ అరుగు మీద తెచ్చి పడేసేదానివి గదా. ఒక్కొక్కడు ఈ పొల్ల కాలు పట్టుకొని లేసిండు. అప్పుడు పరదేశపు కాలని నీకు ఎరుక లేదా?"

ఆవిడ పెన్ను తీసుకుంది. కోపంగానే రాసింది, పేరులో ఒక అక్షరం ఎగిరిపోయింది. మళ్లీ రాయించాం.

విచారణకు వచ్చే రెవెన్యూ ఆయనను గిర్దావర్ అనేవాళ్లం. ఆయన శుక్రవారం వస్తాడని కబురు వచ్చింది. మాకు వారం రోజులు ఉంది. ఆ వారమంతా మేం ఖాలమ్మకు పాఠం చెప్పాం. ఆయన ఊరు అడుగుతాడు. అడిగితే ఒక్కటే మాట చెప్పాలి. వరంగల్. లేవకూడదు, నిలబడకూడదు, పేర్లు చెప్పకూడదు.

"మీది ఏ ఊరు?" అని నేను గిర్దావర్‌లా గొంతు పెంచి అడిగేదాన్ని.

"వరంగల్" అనేది, కుచ్చు వైపు చూస్తూ.

"తలకాయ ఎత్తి చెప్పాలె."

"తలకాయ ఎత్తితే మా అబ్బా యాదికస్తడు" అనేది. తండ్రిని ఆమె అబ్బా అని పిలిచేది.

నేను విసుక్కునేదాన్ని. ఆమెకు ఇది ఎంత కష్టమో అప్పుడు నాకు అర్థం కాలేదు. ఒక్క మాటే కదా, చెప్పేస్తే గండం గడుస్తుంది కదా అనుకున్నాను. నేను రాసి తెచ్చిన ఆపద ఎలాగైనా పోవాలన్న ఆత్రం నాది.

శుక్రవారం గిర్దావర్ వచ్చాడు. యాభై ఏళ్ల మనిషి, చెమటతో చొక్కా వీపుకు అంటుకుంది. వెంట ఒక గుమాస్తా. అరుగు మీద కొత్త షత్రంజీ పరిచాం. గల్లీలో మగ్గాలన్నీ ఆగిపోయాయి. ఆ చప్పుడు లేకపోతే మా గల్లీ మా గల్లీలా ఉండదు. ఖాలమ్మ గావా తెచ్చి ఇచ్చి ఎదురుగా కూర్చుంది. ఆయన కాగితాలు తిప్పి, మర్యాదగానే అడిగాడు.

"మీది ఏ ఊరమ్మా?"

పధ్నాలుగు మందిమి ఆమె పెదవుల వైపు చూస్తున్నాం. ఆమె నావైపు ఒకసారి చూసింది. తర్వాత గడప వైపు చూసింది, సాయంత్రాలు తండ్రి అక్కడ కూర్చునేవాడట. చేతులు ఒడిలోంచి తీసింది. లేచి నిలబడింది. ముసుగు సర్దుకుంది.

ఏడు పేర్లూ చెప్పింది. చివర హజ్రమౌత్ అంది. కూర్చుంది.

గుమాస్తా పెన్ను తీశాడు. టీచరమ్మ కళ్లు మూసుకుంది. నేను షత్రంజీ అంచు పట్టుకున్నాను, కట్టిన కుచ్చు ఒకటి ఊడి నా చేతికి వచ్చింది.

"సాబూ, జర ఆగుమను, రాయొద్దను" అంది మా అత్తమ్మ గోడ దగ్గరినుంచి.

"నువ్వెవరు అవ్వా?" అన్నాడు గిర్దావర్.

"ఈ పొల్లను ఈ లోకంలకు గుంజింది నేనే. నువ్వు తాత ఊరు అడిగినవ్, అది తాత ఊరు చెప్పింది. దాని పుట్టిన ఊరు గావాల్నంటే నన్నడుగు. దానికేం తెల్సు, అది అప్పుడు కండ్లు గూడ తెరవలే."

గిర్దావర్ ముఖంలో కొంచెం నవ్వు వచ్చింది. "నేను ఊరే అడిగిన అవ్వా. తాత ఊరని అడగలే."

"మంచిది. నీది ఏ ఊరు బిడ్డా?"

"మాది నర్సంపేట."

"పుట్టింది గూడ నర్సంపేటేనా?"

ఆయన తాగబోయిన గావా ఆగింది. "కాదు. పుట్టింది మా అమ్మమ్మగారింట్ల. జనగామ దిక్కు."

"మీ అమ్మకు తొలి కాన్పా?"

"ఔ, నేనే పెద్దోణ్ని."

"గదే. తొలి కాన్పు తల్లిగారింట్లనే జేస్తరు. ఈడ కూసున్నోళ్లల్ల సగం మంది అట్ల పుట్టినోళ్లే. మరి నీది ఏ ఊరంటే జనగామ దిక్కు అని ఎందుకు చెప్పలే? నీ అయ్య ఊరు చెప్పినవ్. అందరం అట్లనే చెప్తం. నా కోడలు దాని కాయితంల పరకాల అవతలి పల్లె అని రాసింది. నేను ఆ పల్లె చూసి నలభై ఏండ్లాయె, ఆడ మాకు మేక గట్టేసే గుంజ గూడ లేదు. దానికి కార్డు ఇచ్చిండ్రు. ఈ పొల్ల అయ్య ఊరు కొంచెం దూరమున్నది. గంతేగదా?"

గుమాస్తా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. గిర్దావర్ పైకే నవ్వాడు. నవ్వి, "మాట మంచిగనే ఉన్నది గని, నేను రాయాలంటే రుజువు ఉండాలె అవ్వా. ఇంత మందిని కాన్పు జేసినవ్, ఈమె సంగతి యాదున్నదని ఎట్ల నమ్మాలె?" అన్నాడు.

"దీన్ని ఎట్ల మర్సిపోత? అందరిండ్లల్ల ఆడోళ్లతోనే కొట్లాట నాకు. ఈ ఇంట్లనే మొగోనితోని కొట్లాడిన."

అప్పుడు చెప్పింది. అదంతా మేం ఎవరం వినని సంగతి. ఖాలమ్మ కూడా వినలేదు.

పిల్ల పుట్టగానే తండ్రి గడప దగ్గరికి వచ్చి, చెవిలో నమాజు పిలుపు చెప్పాలి, ఇటివ్వు అన్నాడట. ఇచ్చింది. తర్వాత ఆయన నోట్లో ఖర్జూరం పండు వేసుకుని నమిలి, ఆ గుజ్జు వేలితో తీసి పిల్ల నోట్లో పెట్టబోయాడట. మా అత్తమ్మ చెయ్యి పట్టి ఆపింది. "ఎంగిలి పెడ్తవా పసిగుడ్డుకు? నేను ఆముదం సుక్క నాకియ్యాలె ముందుగాల" అంది. "మా దేశంలో ఇదే మొదలు" అన్నాడాయన. నడుముకు కత్తి ఉన్న మనిషితో, నెత్తుటి చేతులతోనే వాదులాడింది ఈవిడ. చివరికి పిల్ల తల్లి మంచం మీదినుంచి, ఇద్దరూ చెరో చుక్క పెట్టండి, నన్ను పడుకోనివ్వండి అని అరిచిందట. అలాగే పెట్టారు.

"పిల్లెంట పడ్డ మాయ పాతిపెట్టాలె గదా" అంది మా అత్తమ్మ. "ఏడ పాతాలె అని అడిగిండు. పుట్టిన ఇంట్లనే పాతాలె అన్న. గడ్డపార కోసం పక్కింటికి పోత అన్న. ఆగు అన్నడు. నడుముల కత్తి గుంజి గుంత ఆయననే తవ్విండు. అంత సోకున్న కత్తి, ఎండి పిడి, మట్టి మట్టి జేసిండు. తవ్వుకుంట కండ్లు తుడ్సుకుంటాండు. అప్పటికి అరుగు లేకుండె, నేలనే. అరుగు తర్వాత కట్టిండ్రు."

గిర్దావర్ తను కూర్చున్న చోటు చూసుకున్నాడు.

"ఔ బిడ్డా, జర ఇటు జరుగు" అంది ఆవిడ. "నువ్వు దాని మీదనే కూసున్నవ్."

ఆయన నిజంగానే జరిగాడు. గల్లీ అంతా ఘొల్లున నవ్వింది. ఖాలమ్మ నవ్వలేదు. ముసుగు కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని, "అబ్బా ఏడ్సిండా అవ్వా?" అని అడిగింది.

"ఏడ్సిండు. నా ముందట సిగ్గుపడి మట్టి పడ్డదన్నడు."

గిర్దావర్ గ్లాసు కింద పెట్టి గుమాస్తాతో, "మంత్రసాని వాంగ్మూలం రాయి" అన్నాడు.

"నా కోడలు రాస్తది" అంది మా అత్తమ్మ. "అదే ఖరాబు జేసింది. అదే బాగు జేస్తది."

నేను రాశాను. ఆవిడ చెబుతుంటే ఒక్కో మాట రాయడానికి నాకు ఎంత సేపు పట్టిందంటే గిర్దావర్ ఇంకో రెండు గ్లాసుల గావా తాగాడు. "ఖర్జూరం సంగతి గూడ రాయాల్నా సాబ్?" అని అడిగాను. "అన్నీ రాయి" అన్నాడు. కత్తి సంగతి రాశాను. ఆముదం సంగతి రాశాను. మా అత్తమ్మ, "పొల్ల అప్పుడు గూడ మొండిదే, కాళ్లు ముందు వెట్టింది, అది గూడ రాయి" అంటే అదీ రాశాను. కింద ఆవిడ వేలిముద్ర. దాని కింద పధ్నాలుగు సంతకాలు. వెళ్లేటప్పుడు గిర్దావర్ చెప్పులు తొడుక్కుంటూ, "కషాయం బాగున్నదమ్మా" అన్నాడు. ఆయన రాకముందే మగ్గాలు ఆపిన మగవాళ్లు అప్పుడు మళ్లీ మొదలుపెట్టారు. అంతసేపూ కిటికీల వెనక నిలబడి విన్నారన్నమాట.

వెంటనే ఏమీ తేలలేదు. రెండుసార్లు ఆఫీసుకు తిరిగాం. ఇంకో కాగితం అడిగారు, అదీ రాశాం. నాలుగో నెలలో కార్డు వచ్చింది. ఠాణాకు పోనక్కరలేదని కూడా కాగితం వచ్చింది. ఖాలమ్మ ఆ రెంటినీ నిఖా కాగితంతో కలిపి పెట్టెలో పెట్టింది. ఆ రోజు నేను ఆమె పక్కన కూర్చుని, "నా తప్పు మాఫ్ చెయ్యి ఖాలమ్మా. రాసినందుకు గాదు. వరంగల్ అని ఒక్క మాట చెప్పుమని వారం రోజులు నిన్ను సతాయించినందుకు" అన్నాను. ఆమె నా వీపు మీద ఒక్కటి చరిచింది. "చెప్పుదామనే కూసున్న బేటీ. నోరు తెరుస్తే అబ్బా వచ్చిండు."

ఈ సంగతి ఎలా పాకిందో తెలియదు. కరీమాబాద్ నుంచి ఒక ముసలాయన వచ్చాడు, అరబ్బుల ఇంటివాడే, పాత కాగితాలు గుడ్డలో చుట్టుకుని. తర్వాత మట్టెవాడనుంచి తల్లీ కూతుళ్లు. పెద్దవాళ్లు ఎప్పుడో ఇరాన్ దేశం నుంచి వచ్చి చాయ్ హోటలు పెట్టుకున్న ఇంటివాళ్లు ఇంకొకరు. అందరిదీ ఇలాంటి చిక్కే, ఏదో ఒక గడిలో తాత ఊరు. వాళ్లను అరుగు మీద కూర్చోబెట్టి, టీచరమ్మ చెబితే మేం అర్జీలు రాసేవాళ్లం. కొన్ని అయ్యాయి, కొన్ని కాలేదు. పని జరగనివాళ్లు కూడా గావా తాగి, కొంచెంసేపు కూర్చుని వెళ్లేవారు. మా అత్తమ్మ వచ్చిన ప్రతివాళ్లనూ ఒకటే అడిగేది: "నిన్ను కాన్పు జేసింది ఎవరు బిడ్డా? ఆమె బతికే ఉన్నదా?"

మా అత్తమ్మ ఎనభైల మధ్యలో పోయింది. ఖాలమ్మ మా ఇంట్లో పది రోజులు ఉంది. గల్లీలో ఆమెను పొల్లా అని పిలిచేవాళ్లు ఇక ఎవరూ లేరు.

ఆ మరుసటేడు మళ్లీ కార్డులు మార్చారు. మళ్లీ కాగితాలు ఇచ్చారు. అరుగు మీద అందరివీ నేనే నింపుతున్నాను. ఖాలమ్మ వంతు వచ్చింది. పేరు రాశాను, వయసు రాశాను. మూడో గడి దగ్గర నా చెయ్యి ఆగింది. అడగకుండా వరంగల్ అని రాసేద్దామనుకున్నాను, రుజువులున్నాయి కదా. ఆమె నన్నే చూస్తోంది.

"అడగవేంది బేటీ?"

అడిగాను. మోకాళ్ల నొప్పులతో గోడ పట్టుకుని లేచింది. ముసుగు సర్దుకుంది. ఏడు పేర్లూ చెప్పింది, హజ్రమౌత్ అంది. కూర్చోలేదు. కాస్త ఊపిరి తీసుకుని, "పుట్టింది ఈ అరుగు కింద, అవ్వ చేతులల్ల" అంది. అప్పుడు కూర్చుంది.

గడి ఎప్పటిలాగే చిన్నది. రెండు ఊళ్లూ పట్టేలా అక్షరాలు సన్నగా చేసి రాశాను.